షాఫ్ట్ కొత్తదే, మరి వణుకెందుకు? 450 హెలికాప్టర్ మెయిన్ షాఫ్ట్ బిగింపు

అందరికీ నమస్కారం. రాయగడ నుంచే, అదే బల్ల, అదే ట్యూబ్‌లైట్. బయట వాన దంచుతోంది. ఎగరెయ్యడానికి కుదరదు కాబట్టి విప్పి బిగించే పనులన్నీ ఈ నెలలోనే. కెమెరా పట్టుకున్నది మా మేనల్లుడు. చెయ్యి ఊగితే వాణ్ణి తిట్టండి, నన్ను కాదు.

పోయిన వీడియో చూసి పర్లాకిమిడి నుంచి ఒకాయన అడిగారు. రిమోట్ హెలికాప్టర్‌కి మెయిన్ షాఫ్ట్ కొత్తది వేశారట, అయినా లేచేటప్పుడు వణుకుతోందట, మోటార్ కూడా వేడెక్కుతోందట. అన్నయ్యా, నా అనుమానం మీ కాలర్ మీద, అంటే షాఫ్ట్‌కి బిగించే చిన్న రింగు మీద. అక్కడికి వస్తాను.

ముందు షాఫ్ట్, అంటే రెక్కల్ని తిప్పే నిలువు కడ్డీ. 450 అనేది ఈ రిమోట్ హెలికాప్టర్ల సైజు పేరు, అందులో ఇది 5 మిల్లీమీటర్ల మందం ఉక్కు కడ్డీ. కొత్తదే కదా అని నమ్మకండి. ఇదిగో, పాత అద్దం ముక్క. దీని మీద పెట్టి మెల్లగా దొర్లించాలి. కింద వెలుతురు గీత కనిపిస్తోందా? గీత సమానంగా ఉంటే షాఫ్ట్ తిన్నగా ఉన్నట్టు. సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే వంకర. ఒక్కసారి కింద పడిన హెలికాప్టర్ షాఫ్ట్‌ని నేనైతే మళ్ళీ వాడను. ఇంత పట్టింపు ఎందుకంటే, 450 రెక్క ఒక్కోటి 30 గ్రాములు పైచిలుకు ఉంటుంది. నిమిషానికి 2800 చుట్లు తిరిగేటప్పుడు అదే రెక్క బయటికి 50 కిలోల దాకా లాగుతుంది. అటు ఒక సిమెంటు బస్తా, ఇటు ఒక సిమెంటు బస్తా వేలాడుతూ గిర్రున తిరుగుతున్నాయనుకోండి. నడుమ కడ్డీ వెంట్రుకంత వంగినా ఊపు ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

బేరింగులు రెండు, పైన ఒకటి, కింద ఒకటి. వేలితో తిప్పినప్పుడు ఇసుక ఉన్నట్టు గరగరమంటే మార్చెయ్యడమే. షాఫ్ట్ పైనుంచి దించి, అడుగున పెద్ద పళ్ళచక్రం హబ్‌లో దూర్చి, అడ్డంగా బోల్టు వేస్తాం. ఈ హబ్‌లో వన్‌వే బేరింగ్ ఉంటుంది. సైకిల్ ఫ్రీవీల్ లాంటిదే, ఒకవైపు పట్టేస్తుంది, రెండోవైపు ఊరికే తిరుగుతుంది. గాల్లో మోటార్ ఆగిపోయినా రెక్కలు తిరుగుతూ ఉండేది దీనివల్లే. చుక్క పల్చటి నూనె చాలు, గ్రీజు కుక్కకండి.

ఇప్పుడు కాలర్. ఒరేయ్, కొంచెం దగ్గరికి రా. ఈ చిన్న రింగు పై బేరింగ్ మీద కూర్చుంటుంది. చాలామంది దీన్ని అలా వదిలేసి స్క్రూ బిగించేస్తారు. అలా కాదు. ఎడమ చేత్తో షాఫ్ట్‌ని పైకి లాగి పట్టుకోండి, అడుగున హబ్ వచ్చి కింది బేరింగ్‌కి ఆనుతుంది. కుడి బొటనవేలితో కాలర్‌ని కిందికి నొక్కండి. రెండూ వదలకుండా స్క్రూ బిగించాలి. రెండు చేతులూ అక్కడే ఉంటాయి కదా, అందుకే మేనల్లుడు. బిగించాక పైకీ కిందికీ లాగి చూడండి. టిక్కుమని చిన్న చప్పుడు వచ్చిందా, ప్లే, అంటే వదులు, ఉన్నట్టే.

ఆ అర మిల్లీమీటరు ప్లే ఏం చేస్తుంది? రెక్కల కోణం మార్చే పళ్ళెం స్వాష్‌ప్లేట్, దాన్ని పట్టుకున్నది సర్వోలు, అంటే మీ స్టిక్ మాట విని కదిలే చిన్న మోటార్లు, సర్వోలు ఉన్నది ఫ్రేమ్ మీద. రెక్కలున్న హెడ్ మాత్రం షాఫ్ట్‌తో పాటు కదులుతుంది. షాఫ్ట్ పైకి జరిగితే స్వాష్‌ప్లేట్‌ని రెక్కలకి కలిపే లింకులు ఉన్నచోటే ఉండి రెక్కల కోణాన్ని మార్చేస్తాయి, మీరు స్టిక్ ముట్టుకోకుండానే. మీరు ఒకటి చెప్తే అది ఇంకోటి చేస్తుంది. అలాగని పళ్ళు బిగబట్టి నొక్కేసినా కష్టమే. బేరింగులు ఒత్తుకుని, మోటార్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. పర్లాకిమిడి అన్నయ్యా, మీ వేడికి కారణం ఇదో, లేకపోతే పళ్ళు మరీ దగ్గరగా కరుచుకోవడమో. దానికి కాగితం పరీక్ష. మోటార్ పినియన్‌కీ, అంటే మోటార్ చిన్న పళ్ళచక్రానికీ, పెద్ద చక్రానికీ మధ్య జెరాక్స్ కాగితం పీలిక పెట్టి దగ్గరికి జరిపి మోటార్ బిగించండి. చక్రం తిప్పి కాగితం తియ్యండి. చిరగకుండా మడతలు మడతలుగా వస్తే సరిపోయింది. కాగితానికి మాకు లోటా, పక్కనే జేకేపూర్ కాగితం మిల్లు.

చివరగా హెడ్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే బోల్టు. అగ్గిపుల్లంత మందం. అమెరికా వాళ్ళు దీన్ని జీసస్ బోల్ట్ అంటారు. పెద్ద హెలికాప్టర్ల రోజుల్లోంచి వచ్చిన జోకు, అది ఊడితే ఇక ఏసుప్రభువే దిక్కని. మా ఊళ్ళో పుట్టి ఉంటే మా అమ్మవారి పేరుతో మజ్జిగౌరమ్మ బోల్టు అయ్యేది.

నిరుడు దసరాకి ముందు నా హెలికాప్టర్‌ది ఆ బోల్టు ఎక్కడో పోయింది. బజారులో ఒక కొట్లో అదే పొడవు స్క్రూ దొరికితే వేసేశాను. అసలు బోల్టుకి షాఫ్ట్ రంధ్రంలో ఉండే భాగం నున్నగా ఉంటుంది, మర చివర్లోనే. నేను వేసిన దానికి పొడవునా మర. మర అంచులు రంధ్రాన్ని కొంచెం కొంచెంగా కొరికి కోడిగుడ్డులా చేశాయి. ఏడెనిమిది సార్లు బాగానే ఎగిరింది. ఆ రోజు పొద్దున్న స్పీడు అందుకుంటూ ఉండగా టప్‌మంది. హెడ్ పక్కకి ఒరిగి రెక్క తోకబూమ్‌ని, అంటే తోకని మోసే గొట్టాన్ని, నరికేసింది. అందరం దూరంగా నిలబడ్డాం కాబట్టి సరిపోయింది. "మావయ్యా, ఇదేటిది?" అని వీడు అడిగితే నాకు మాట రాలేదు. పది రూపాయలు మిగిల్చాను కదా మరి.

అందుకని, నున్న మెడ ఉన్న బోల్టే. మరలకి ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, స్పిరిట్‌తో తుడవండి. మరలు వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాక్ ఒక్క చుక్క, అదీ అగ్గిపుల్లతో. ఇది గాలి తగలనిచోట, లోహం తగిలినప్పుడు గట్టిపడే మందు, సీసా సగం ఖాళీగా వచ్చేది కూడా అందుకే, మోసం కాదు. పొంగి బేరింగ్‌లోకి కారితే బేరింగ్ బిగుసుకుపోతుంది. ప్లాస్టిక్ భాగాలకి తగిలితే పగుళ్ళు. ఎర్ర రంగుది ఇక్కడ వద్దు, తర్వాత విప్పడానికి ఏడవాలి.

పూర్తిగా పట్టడానికి 24 గంటలు. రేపు ఈ టైముకి చక్రం వేలితో ఒక తోపు తోసి చూస్తాను, వాన తెరిపిస్తే గ్రౌండ్‌కి తీసుకెళ్తా. అన్నయ్యా, మీరు కాలర్ విప్పి మళ్ళీ బిగించి ఏమైందో చెప్పండి. ఒరేయ్, ఆపు ఇంక.