లీకు కనిపించే దాకా ఆగకూడని పైపులు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం ఎమ్‌జీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఇంజనుకూ ఆయిల్ కూలర్‌కూ మధ్య ఉండే రెండు రబ్బరు పైపుల గురించి, వాటితోపాటు ఆయిల్ ప్రెషర్ మీటరుకు వెళ్ళే మరో చిన్న పైపు గురించి మాట్లాడతాను. మూరెడు పైపులకు ఇంత ఉపన్యాసమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ కారును ఇరవై ఏళ్ళుగా వాడుతున్నవాడిగా చెప్తున్నాను, నేను దానికి చేసిన పనులన్నిటిలోనూ తక్కువ ఖర్చుతో ఇంజనును కాపాడిన పని ఈ పైపుల మార్పిడే.

మన దేశంలో ఎమ్‌జీ పేరు చెప్పగానే 2019లో గుజరాత్‌లోని హాలోల్ కర్మాగారం నుంచి వచ్చిన హెక్టర్ గుర్తుకొస్తుంది. ఆ రెండు అక్షరాలు ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గరాజెస్ నుంచి వచ్చినవి. ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గరలోని ఆబింగ్డన్ ఊళ్ళో 1962 నుంచి 1980 దాకా ఎమ్‌జీబీ తయారైంది. దాని 1798 సీసీ ఇంజను మన తెలుగువారికి కొత్తదేమీ కాదు. పాత అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ పెట్రోలు ఇంజను కూడా ఇదే బి సిరీస్ కుటుంబానిది. విజయవాడలో మా మేనమామ గారి షెడ్డులో అంబాసిడర్ ఇంజన్లు విప్పడం చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, ఇంగ్లండు వచ్చాక మొదటిసారి ఎమ్‌జీబీ బానెట్ ఎత్తినప్పుడు తెలిసిన ముఖాన్ని చూసినట్టే అనిపించింది. తేడా ఒక్కటే. మా షెడ్డుకు వచ్చిన అంబాసిడర్లలో ఆయిల్ కూలర్ ఉన్నది నేనెప్పుడూ చూడలేదు. ఎమ్‌జీబీలో అది గ్రిల్ వెనక, రేడియేటరుకు ముందు చిన్న జాలీ పెట్టెలా ఉంటుంది, 1970ల మధ్యలో వచ్చిన రబ్బరు బంపరు కార్లలో కిందికి వేలాడుతూ ఉంటుంది.

ఆయిల్ వెళ్ళే దారి తెలిస్తే ఈ పైపుల విలువ తెలుస్తుంది. కామ్‌షాఫ్టు తిప్పే పంపు ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టి, అంటే సంపులోని ఆయిలును పైకి లాగి, బ్లాకు వెనక భాగంలో కుడివైపున ఉన్న రంధ్రం గుండా బయటికి తోస్తుంది. అక్కడి నుంచి మొదటి పైపు దాన్ని కూలర్‌కు చేరుస్తుంది, రెండో పైపు కూలర్ నుంచి ఫిల్టరుకు తెస్తుంది, ఫిల్టరు దాటిన తర్వాతనే అది క్రాంక్‌షాఫ్టు బేరింగులకు అందుతుంది. అంటే బేరింగులకు వెళ్ళే ఆయిల్ అంతా ముందుగా ఈ రెండు రబ్బరు పైపుల గుండానే పోవాలి, పక్కదారి లేదు. రేడియేటరు పైపు పగిలితే ఆవిరి లేస్తుంది, ఉష్ణోగ్రత ముల్లు ఎక్కుతుంది, బండి పక్కకు ఆపుకునే వ్యవధి ఉంటుంది. ఈ పైపు పగిలితే సంపులో ఉన్న నాలుగు లీటర్ల చిల్లర ఆయిలును పంపు తన చేతులతోనే రోడ్డు మీద పోసేస్తుంది. బండి వేగంగా వెళుతున్నప్పుడు అందుకు ఎక్కువసేపు పట్టదు.

నాకిది అనుభవంలోకి వచ్చింది. కొన్నేళ్ళ కిందట ఒక ఆదివారం కాట్స్‌వోల్డ్స్ కొండప్రాంతం నుంచి ఇంటికి తిరిగొస్తుండగా, ఎప్పుడూ అరవై దగ్గర నిలిచే ప్రెషర్ ముల్లు ఒకసారి నలభైకి వాలి, మళ్ళీ లేచి, మళ్ళీ వాలింది. బండి పక్కకు తీసి ఇంజను ఆపేశాను. బానెట్ ఎత్తితే కుడివైపంతా ఆయిల్ చిమ్మి, రేడియేటరు పట్టుకునే రేకు మీద నల్లగా కారుతోంది. ఆ రేకుకున్న రంధ్రం గుండా పైపు ముందుకు వెళ్ళేచోట, రంధ్రపు అంచుకు తొడిగే గ్రోమెట్ అనే రబ్బరు వలయం ఎండి ఊడిపోయింది, రేకు అంచు పైపును రంపంలా కోసింది. ఆ పైపులు నేను వేసి మూడేళ్ళే అయింది. తెప్పించుకున్న విడిభాగాల దుకాణం పేరు ఇక్కడ అనవసరం. తప్పు సగం వారి రబ్బరుది, సగం పాత గ్రోమెట్‌నే మళ్ళీ తొడిగిన నాది. విచారించవలసిన సంగతి ఏమిటంటే, ఆ ముందురోజే నేను కారు కింద పడుకుని చూశాను, ఒక్క చుక్క కూడా కనిపించలేదు.

కనిపించకపోవడానికి కారణం ఉంది. ఇంజను ఆగాక ఈ పైపుల్లో ఒత్తిడి ఉండదు. నడుస్తున్నప్పుడు 50 నుంచి 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఉండే ఒత్తిడి, తాళం తిప్పగానే సున్నాకు పడిపోతుంది. అందువల్ల నిలిపిన కారు కింద అట్టముక్క పరిచి మరకలు వెతికే అలవాటు ఇంజను సీళ్ళ విషయంలో పనికొస్తుందేమో గాని ఈ పైపుల విషయంలో మనల్ని మోసం చేస్తుంది. ఇక్కడ వెతకవలసినది మరక కాదు, రాపిడి. ఇంజను తన రబ్బరు మౌంటుల మీద ఊగుతుంది, కూలర్ బాడీకి బిగించి ఉంటుంది, ఈ రెంటి మధ్య కదలికను భరించేది పైపు. కనుక అది దేనిని తాకుతోందో, ఎక్కడ ఒరుసుకుంటోందో మొదట చూడాలి.

నేను చేసే పరీక్ష ఇలా ఉంటుంది. చల్లటి ఇంజను మీద, పాత పంచె ముక్కతో పైపులను ఈ కొస నుంచి ఆ కొస దాకా శుభ్రంగా తుడుస్తాను. తర్వాత పైపును మెల్లగా వంచి, వంపు వెలుపలి వైపున సన్నటి పగుళ్ళు విచ్చుకుంటున్నాయేమో టార్చి వేసి చూస్తాను. లోహపు కాలర్‌ను రబ్బరు మీద నొక్కి బిగించిన చోట వేలితో తడుముతాను, చెమ్మ మొదట అక్కడే పుడుతుంది. నొక్కితే రాయిలా గట్టిగా ఉన్నా, బంకలా మెత్తగా ఉన్నా ఆ పైపు పని అయిపోయినట్టే. గ్రోమెట్లను పక్కకు జరిపి, వాటి కింద దాగిన భాగం తప్పనిసరిగా చూడాలి, అందరూ వదిలేసేది దాన్నే. చివరగా ఆల్టర్నేటరుకూ దాని బెల్టుకూ పైపు ఎంత దూరంలో ఉందో, ఒకరిని ఇంజను రేజ్ చేయమని చెప్పి, అది ఊగుతుండగా చూడాలి. ఇవన్నీ బాగున్నా, ఐదేళ్ళు దాటిన రబ్బరు పైపును నేను ఉంచుకోను. ఇది ఏ పుస్తకంలోనూ రాసిన గడువు కాదు, నా భయం నిర్ణయించిన గడువు.

విప్పడంలో ఉన్న ప్రమాదం పైపుకు కాదు, కూలర్‌కు. కూలర్ నుంచి బయటికి వచ్చిన మెడకు ఒక ఆరుపలకల భాగం ఉంటుంది, పైపు చివర నట్టు దాని మీద బిగుస్తుంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కలిసిన నీళ్ళకు అర్ధ శతాబ్దంగా తడిసి ఈ రెండూ ఒకదాన్నొకటి కరచుకుని ఉంటాయి. ఒకే పానా వేసి నట్టును తిప్పబోతే నట్టు కదలదు, మెడ మెలి తిరుగుతుంది, కూలర్ అతుకు దగ్గర చీలుతుంది. అందుచేత రెండు పానాలు కావాలి. ఒకటి మెడను కదలకుండా పట్టాలి, రెండోది నట్టును తిప్పాలి. రెంటినీ దగ్గర దగ్గరగా వేసి పిడికిలి మూసినట్టు ఒక్కసారిగా నొక్కితే బలమంతా నట్టు మీదే పడుతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచడం మేలు. అప్పటికీ వదలకపోతే నేను కూలర్‌నూ పైపులనూ కలిపే బయటికి తీసి, పైపును రంపంతో కోసేస్తాను. అడ్డం తొలగాక రింగు పానా నట్టు మీద నిండుగా కూర్చుంటుంది. ఎలాగూ పారేసే పైపును కాపాడాలని కూలర్‌ను పాడుచేసుకున్నవారిని ఇద్దరిని ఎరుగుదును.

కొత్తవాటి ఎంపికలో రబ్బరా, ఉక్కు తీగ అల్లినదా అనే వాదం ఎప్పుడూ ఉంటుంది. ఉక్కు అల్లిక చూడముచ్చటగా ఉంటుంది, బయటి రాపిడికి తట్టుకుంటుంది. అయితే అది దేనికి తాకితే దాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది, లోపలి రబ్బరు ఏ స్థితిలో ఉందో మనకు చూపించదు. నా కారులో మంచి రకం రబ్బరు పైపులే ఉన్నాయి. కంటికి కనిపించే ముసలితనం నాకు నయమనిపిస్తుంది.

బిగించే ముందు కొత్త పైపు లోపల గాలి ఊది శుభ్రం చేయాలి, కోసినప్పటి రబ్బరు పొడి అందులో ఉండిపోతుంది. మరలను మొదట చేత్తోనే ఎక్కించాలి. వీటి చివరలు లోహం మీద లోహం కూర్చుని మూసుకునేవి కనుక తెల్లటి టేపు చుట్టకూడదు. దాని పీలిక ఒకటి ఆయిల్ దారిలో పడితే మనం తెచ్చుకున్న కష్టమే అవుతుంది. పైపు పొడవునా అచ్చువేసిన గీత ఉంటే అది తిన్నగా ఉందో లేదో చూసుకోవాలి, గీత తాడులా తిరిగితే పైపు మెలిపడినట్టు. గ్రోమెట్లు కొత్తవే వేయాలి. ఈ మాట నేను ఎందుకంటున్నానో మీకు తెలుసు.

ఇప్పుడు కూలరూ పైపులూ ఖాళీగా ఉంటాయి. ఇంజనును అలాగే స్టార్టు చేస్తే అవి నిండేదాకా బేరింగులు ఎండుగా తిరుగుతాయి. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి, కాయిల్ వైరు విడదీసి, సెల్ఫు కొడుతూ పోవాలి. పది, పదిహేను సెకన్లు కొట్టి కాసేపు ఆపి, మళ్ళీ కొట్టాలి. మూడు నాలుగు విడతల తర్వాత ప్రెషర్ ముల్లు మెల్లగా లేస్తుంది. అప్పుడు ప్లగ్గులు పెట్టి స్టార్టు చేసి, ఒక నిమిషం తర్వాత ఆపి డిప్‌స్టిక్ చూస్తే మట్టం తగ్గి ఉంటుంది, కూలర్ తన వాటా తాను తీసుకుంటుంది. ఆ మేరకు ఆయిల్ పోయాలి.

మూడో పైపు మాట మరచిపోలేదు. ముల్లుతో ఉండే మెకానికల్ మీటరు ఉన్న కార్లలో, డాష్‌బోర్డు నుంచి వచ్చే సన్నటి లోహపు గొట్టానికీ బ్లాకుకూ మధ్య ఒక చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. ఇంజను ఊగినప్పుడు లోహపు గొట్టం విరగకుండా దాన్ని పెట్టారు. వేలెడంత లావు లేదని దాన్ని ఎవరూ పట్టించుకోరు. కాని దానిలో ఉన్నదీ ఇంజను పూర్తి ఒత్తిడే. పెద్ద పైపులు మార్చిన రోజునే దీన్నీ మార్చాలి.

ఆ ఆదివారం నన్ను దారిలో ఆపిన పైపును నిలువుగా చీల్చి తీసుకొచ్చాను. బయటివైపు రేకు అంచు కోసిన గాటు ఒక్కటే కనిపిస్తుంది. లోపలివైపు తిప్పితే, ఆ గాటుకు జానెడు దూరంలో, ఎవరూ తాకని చోట కూడా రబ్బరు పొర పొలుసులుగా లేచి ఉంది. ముందు వరుస నుంచి ఒకరి చేతి నుంచి ఒకరికి అందించండి. చేతులు తుడుచుకోవడానికి ఆ బల్ల మీద గుడ్డ పెట్టాను.