“దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వండి”

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ ఎండ, ఒంటిని విడవని చెమట, దానికి తోడు బిగుతు ప్యాంట్లు. చర్మానికి ఫంగస్ (బూజు లాంటి సూక్ష్మజీవి) పట్టి వచ్చే తామరకు ఇంతకంటే ఏం కావాలి? లంగా బొందు బిగించే చోట, గజ్జల్లో, చంకల్లో ముందు దురదగా మొదలవుతుంది. తర్వాత రూపాయి బిళ్లంత మచ్చ. దాని అంచు ఉబ్బి, పొట్టు లేస్తూ ఉంటుంది. నడుమ చర్మం తేరుకుంటున్నా, అంచు మాత్రం బయటికి పాకుతూనే ఉంటుంది. ఎరుపు కోసమే వెతక్కండి, మన చామనఛాయ ఒంటిమీద అది ముదురు గోధుమ రంగులోనూ కనిపిస్తుంది.

అప్పుడు మందుల షాపుకు వెళ్లి ట్యూబు అడుగుతాం. అలా చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద మాయం, మందు భలే పనిచేసిందనుకుంటాం. స్టెరాయిడ్ అణిచింది ఫంగస్‌ను కాదు, దానితో పోరాడే మన చర్మపు రక్షణను. పూయడం ఆపగానే మచ్చ ఇంకా పెద్దదై తిరిగొస్తుంది. ఈసారి అంచు చెదిరిపోయి, డాక్టరు కూడా వెంటనే పోల్చుకోలేరు. నెలల తరబడి పూస్తే తొడల మీద చారలు పడతాయి, అవి ఇక పోవు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. చీటీ అడిగే షాపు మీ వీధిలో ఉంటే అదృష్టవంతులే.

తామరకు డాక్టరు రాసిన మందు మచ్చ కనబడకుండా పోయాక కూడా చెప్పినన్నాళ్లూ వాడాలి. తువ్వాలు ఎవరిది వారిదే. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వారికీ చికిత్స చేయించాలి, లేకపోతే అది ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది.

దద్దుర్ల సంగతి వేరు. అనుమానముంటే దద్దు చుట్టూ పెన్నుతో గీత గీయండి. సాధారణంగా ఒక రోజు తిరిగేసరికి అక్కడ అణిగిపోయి, మరోచోట లేస్తుంది. పెదవులు, నాలుక వాచినా, ఊపిరాడకపోయినా ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

మోచేతులు, మోకాళ్లు, తలమీద వెండి పొట్టు రాలే మందపాటి మచ్చలు సోరియాసిస్ కావచ్చు. అది అంటువ్యాధి కాదు. వారి పక్కన కూర్చుని భోజనం చేయడానికి జంకేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇక దురద లేని మచ్చ. దానిమీద దూదితో తాకి చూడండి. స్పర్శ తెలియకపోతే కుష్ఠు వ్యాధేమో పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. 6 నుంచి 12 నెలలు వాడితే నయమవుతుంది.