కొట్టుకునే గుండెలో ఒక క్లిప్పు

యాంకర్: డాక్టర్ గారూ, వాల్వ్ లీకవుతోందనగానే ఇంటిల్లిపాదికీ టెన్షనే. ఛాతీ కోయకుండా దాన్ని ఎలా సరిచేస్తారు?

డాక్టర్: గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్‌కి రెండు రెక్కలుంటాయండి. అవి సరిగ్గా మూసుకోకపోతే, గుండె ముడుచుకున్నప్పుడల్లా రక్తం పై గదిలోకి వెనక్కి తన్నుకొస్తుంది. ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల మీద పడి ఆయాసం వస్తుంది. కొందరు వెల్లకిలా పడుకోలేరు కూడా. ఇటలీ సర్జన్ ఒట్టావియో అల్ఫియేరి 1991లో ఆ రెక్కల అంచుల్ని మధ్యలో ఒక్క కుట్టుతో కలిపారు. ఆ కుట్టు చేసే పనినే ఇప్పుడు క్లిప్పు చేస్తోంది. మనిషికి మొదటిసారి వేసింది 2003లో.

యాంకర్: అది అక్కడిదాకా ఎలా వెళ్తుంది?

డాక్టర్: గజ్జల దగ్గరి సిరలోంచి గొట్టం పంపుతాం. కుడి పై గదికి చేరాక, మధ్య గోడకి చిన్న రంధ్రం చేసి ఎడమవైపుకి దాటతాం. పేషెంట్ మత్తులో ఉంటారు, గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. అన్నవాహికలో పెట్టిన ఎకో ప్రోబే, అంటే గుండెని అల్ట్రాసౌండ్‌తో చూపించే గొట్టమే, మాకు కళ్లు.

యాంకర్: అలా కదిలే రెక్కల్ని పట్టుకోవడమంటే...

డాక్టర్: అందరం ఊపిరి బిగబట్టేది అప్పుడే. క్లిప్పు చేతులు తెరిచి, వాల్వ్ కిందికి దించి, మెల్లగా పైకి లాగుతాం. రెండు రెక్కలూ వచ్చి వాటి మీద వాలాలి. అప్పుడు మూస్తాం. స్క్రీన్ మీద రంగుల్లో చిమ్ముతున్న లీకు ఉన్నట్టుండి సన్నటి చారైపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకది పాతబడలేదు. పట్టు కుదరకపోతే తెరిచి మళ్లీ పట్టుకుంటాం. రక్తం వెళ్లే దారి మరీ ఇరుకైపోలేదని చూసుకున్నాకే క్లిప్పుని వదులుతాం.

యాంకర్: అయితే అందరికీ వేసేయొచ్చా?

డాక్టర్: లేదండీ. రెక్కే చెడిపోయి, ఆపరేషన్ తట్టుకోగలిగినవాళ్లకి సర్జరీయే మొదటి దారి. గుండె సాగిపోవడం వల్ల వచ్చే లీకు సంగతి వేరు. దాని మీద 2018లో రెండు అధ్యయనాలు వచ్చాయి. ఫ్రాన్స్‌లో 304 మందితో చేసిన మిత్రా-ఎఫ్ఆర్‌లో క్లిప్పుతో తేడా ఏమీ కనబడలేదు. అమెరికా, కెనడాల్లో 614 మందితో చేసిన కోఆప్ట్‌లో రెండేళ్లకి మందులు మాత్రమే వాడినవాళ్లలో 46 శాతం మంది చనిపోతే, క్లిప్పు కూడా వేసినవాళ్లలో 29 శాతం.

యాంకర్: ఒకే క్లిప్పు, ఇంత తేడానా!

డాక్టర్: కోఆప్ట్‌లో ముందు మందులు తట్టుకోగలిగినంత మోతాదు దాకా ఇచ్చి చూశారు. అప్పటికీ లీకు పెద్దగానే ఉన్నవాళ్లని తీసుకున్నారు. ఫ్రాన్స్‌వాళ్లలో గుండె ఎక్కువ సాగింది, లీకు దానికి తగ్గంత లేదు. జబ్బంతా కండరంలో ఉంటే వాల్వ్ బిగించి ఏం లాభం? ఎకో రిపోర్టు పట్టుకుని వచ్చినప్పుడు 'లీకు రెక్కలదా, కండరానిదా? మందులు పూర్తిగా వాడి చూశామా?' అని డాక్టర్ని అడగండి. ఏమీ అనుకోరు.