ముల్లు 11 దగ్గర ఆగితే టర్బో మార్చకండి

(నెల్లూరు ఆటోనగర్‌లో ఆయుధపూజ నాడు మెకానిక్‌ల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, పొద్దున్నే షెడ్లు కడిగి పనిముట్లకు బొట్లు పెట్టి వచ్చిన తమ్ముళ్లందరికీ నమస్కారం. నన్ను సేఫ్టీ గురించి మాట్లాడమన్నారు. నేను ఒక ముల్లు గురించి మాట్లాడతాను. అది సేఫ్టీ కిందికి ఎలా వస్తుందో చివర్లో చెబుతాను.

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో ఉన్న పెట్రోల్ బండ్లు మన షెడ్లకు బాగా వస్తున్నాయి. కుర్రాళ్లు బూస్ట్ గేజ్ పెట్టించుకుంటున్నారు. అందులో సున్నాకు ఒకపక్క బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి. రెండోపక్క వ్యాక్యూమ్, అంటే ఇంజిన్ గాలి లాగుతుంటే లోపల ఒత్తిడి బయటికంటే ఎంత తగ్గిందో ఆ లెక్క. ఇంజిన్ వేడెక్కి, ఏసీ ఆపి, యాక్సిలరేటర్ తొక్కకుండా స్లోలో ఉన్నప్పుడు చాలా బండ్లలో ముల్లు వ్యాక్యూమ్ వైపు 17 నుంచి 22 అంగుళాల (పాదరసం లెక్కన) మధ్య కదలకుండా ఉంటుంది. కొన్ని కొత్త ఇంజిన్లలో కొంచెం తక్కువ ఉండొచ్చు. అందుకే బాగున్న రోజు ఎంత చూపించిందో రాసి పెట్టుకోమని కస్టమర్‌కు చెప్పండి.

కందుకూరు వైపు నుంచి ఒక పొగాకు రైతు కొడుకు బండి తెచ్చాడు. ముల్లు 11 దగ్గర నిలబడింది. అంతకుముందు చూసిన షెడ్డువాళ్లు టర్బో పోయిందన్నారట. వేలం డబ్బులు రాగానే మార్పిద్దామని తండ్రి ఒప్పుకున్నాడు. ఏడాది కష్టం అబ్బయా అది! స్లోలో ఉన్న ఇంజిన్‌లో టర్బో చేసే పని ఎంత? గాలి దారిలోని రేకు, థ్రాటిల్, మూసి ఉండగా పిస్టన్లు గాలి లాగుతుంటే పుట్టేది వ్యాక్యూమ్. అది తగ్గితే ముందు ఇంజిన్ వైపు, పైపుల వైపు చూడాలి గానీ టర్బో మీదికి పోతామా?

బండి కంప్యూటర్ లెక్కలు చూపించే స్కానర్ పెట్టాను. ఇంజిన్‌కు గాలి పంచే మానిఫోల్డ్‌లో ప్రెషర్ 35 కిలోపాస్కల్ చూపించింది. మన నెల్లూరు సముద్రమట్టానికి దగ్గర, బయటి గాలి ఒత్తిడి సుమారు 101. అందులోంచి 35 పోతే 66. అంగుళానికి 3.4 కిలోపాస్కల్ చొప్పున లెక్క కడితే 19 దాటింది. ఇంజిన్ 19 అంటోంది, గేజ్ 11 అంటోంది. అంటే తేడా ఇంజిన్‌లో లేదు. గేజ్‌కు పోయే సన్న పైపు టీ జాయింట్ దగ్గర వేడికి ఎండిపోయి పగిలింది. పగిలిన కొస కోసేసి, మళ్లీ ఎక్కించి క్లిప్పు బిగించాను. ముల్లు 19కి వచ్చింది. ఆ తండ్రి మొహం చూసి నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. స్కానర్ అందరి దగ్గరా ఉంది కదా? చేతులెత్తండి. చూడండి, దాదాపు అందరూ ఎత్తారు! మరి టర్బో బిల్లు రాసే ముందు ఈ ఒక్క లెక్క ఎందుకు చూడకూడదు?

స్కానర్ లెక్కా, గేజూ రెండూ వ్యాక్యూమ్ తక్కువే చూపిస్తే అప్పుడు నిజంగా వెతకాలి. మానిఫోల్డ్ గ్యాస్కెట్, ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ వాల్వ్, పెడల్‌కు బలం ఇచ్చే బ్రేక్ బూస్టర్ పైపు. లోపలికి పోయే గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ ఉన్న బండి స్లోలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలులో చేసే సవరణ, బాగా పెరిగి, 2500 ఆర్‌పీఎంకి రేస్ చేస్తే తగ్గిందంటే ఎక్కడో గాలి లాగుతోంది. ముల్లు కదలకుండా తక్కువలోనే ఉంటే టైమింగ్ బెల్టో చైనో ఒక పన్ను జారిందేమో చూడండి. ముల్లు లెక్క తప్పకుండా టక్ టక్ మని పడుతుంటే వాల్వ్ చూడండి. రేస్ పట్టుకుంటే మెల్లగా దిగిపోతుంటే సైలెన్సర్ వైపు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ మూసుకుపోయి ఉండొచ్చు.

తిరుమల కొండ మీద నుంచి ఫోన్ చేసి ముల్లు మూడు అంగుళాలు తగ్గిందని కంగారుపడేవాళ్లుంటారు. ఎత్తుకు పోతే గాలి పలచన, అది సహజం. బండి దిగితే ముల్లూ సరిపోతుంది. డీజిల్ బండికి ఈ లెక్కే పెట్టకండి. అక్కడ స్లోలో సున్నా దగ్గర ఉండటమే మామూలు, బ్రేకుకు విడిగా వ్యాక్యూమ్ పంపు ఉంటుంది.

ఇక సేఫ్టీ. చాలా పెట్రోల్ బండ్లలో బ్రేక్ బూస్టర్ బతికేది ఈ వ్యాక్యూమ్ మీదే. అది పోతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. హైవే మీద ఒంగోలు నుంచి వచ్చే కుటుంబం ప్రాణం ఆ పైపులో ఉంది. బండి ఇచ్చే ముందు ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, అలాగే పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే తాళం ఇవ్వకండి, కస్టమర్ ఎంత తొందరపడినా సరే.

ఇంకొక్క మాట. లీకు కనిపెట్టడానికి వేడి టర్బో పక్కన పెట్రోలో, కార్బ్ క్లీనరో కొట్టే పద్ధతి ఇవాళ్టితో మానేయండి. తమ్ముళ్లూ, మీ చేతులు, మొహాలు కాలిపోతాయి. పొగ పెట్టే మిషన్ వాడండి. ఒక్కరు కొనలేకపోతే నలుగురు కలిసి కొనండి.

బయట వేపచెట్టు కింద ఒక బండి పెట్టించాను, కావాలనే ఒక పైపు వదులు చేశాను. స్కానర్లు తెచ్చుకుని రండి, ఎవరు ముందు పట్టుకుంటారో చూద్దాం. భోజనాలు ఆ తర్వాతే.