విండోస్ మారితే మన తెలుగు ఏమవుతుంది?

అందరికీ నమస్కారం. విండోస్‌లో ఏ వెర్షన్ మంచిదని మాట మొదలైతే స్పీడు, గేమ్స్, స్టార్ట్ మెనూ, ఇంతే. ఈరోజు నేను ఒక్కటే చూస్తాను, దేంట్లో తెలుగు ఎలా వస్తుందని. ఎందుకంటే మొన్న విజయనగరం కలెక్టరేట్ దగ్గర అర్జీలు టైప్ చేసే అన్నయ్య విండోస్ 7 వదిలేసి 11 ఉన్న కొత్త సిస్టమ్ తెచ్చుకున్నాడు, పాత ఫైల్ తెరిస్తే ఒక పేజీ అర్జీ కాస్తా రెండో పేజీలోకి జారి, అక్కడ సంతకం చోటు ఒక్కటే మిగిలింది.

టెన్షన్ పడక్కర్లేదు. ఆ ఫైల్ గౌతమి ఫాంట్‌లో చేసింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఫాంట్ అది. విండోస్ 10 నుంచి దాన్ని విడిగా వేసుకోవాలి, లేకపోతే ఫైల్ నిర్మలా యూఐ అనే వేరే ఫాంట్‌లో కనిపిస్తుంది, అక్షరాల కొలత వేరు కాబట్టి లైన్లన్నీ కదిలిపోతాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ యాడ్ చేశాం, సంతకం మళ్లీ మొదటి పేజీకి వచ్చేసింది.

ఎక్స్‌పీ అంటే నాకూ ఇష్టమే, కానీ అందులో కంట్రోల్ ప్యానెల్‌లో ఒక టిక్కు పెట్టి, సీడీ వేసి, రీస్టార్ట్ చేస్తే గానీ తెలుగు కుదురుగా ఉండేది కాదు. ఆ టిక్కు లేకపోతే శ్రీకాకుళంలో ‘శ్రీ’ కూడా ముక్కలైపోయేది, శ ఒకచోట, ర ఒకచోట, గుడిదీర్ఘం ఇంకోచోట. 2007లో విస్టా బరువని అందరూ తిట్టారు, నిజమే, కానీ ఆ టిక్కు గొడవ తీర్చింది అదే. 7 అదే పని తేలిగ్గా చేసింది, అందుకే జనం అన్నేళ్లు వదల్లేదు. 8 స్టార్ట్ బటన్ తీసేసింది, 2013లో 8.1 మళ్లీ పెట్టింది, అంతే.

నన్నడిగితే అసలు మార్పు 10కి 2019 మేలో వచ్చిన అప్‌డేట్. అంతకుముందు ఏ కీ మీద ఏ తెలుగు అక్షరమో గుర్తుపెట్టుకుని కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవాలి, లేదంటే బయటి సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాలి. ఆ అప్‌డేట్‌తో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే వచ్చింది, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. మా అమ్మ పెళ్లిపిలుపుల లిస్టు మొత్తం దాంతోనే కొట్టింది, ఒత్తులతో సహా!

11లో తెలుగు వరకు నాకు పెద్ద తేడా కనిపించలేదు. పైగా మెషీన్‌లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, పాత మెషీన్లు చాలావాటికి అది కుదరదు. అయితే 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, కాబట్టి నెట్‌లో బ్యాంకు పనులు చేసేవాళ్లు మారాల్సిందే. మారే ముందు పాత తెలుగు ఫైళ్లు పీడీఎఫ్‌గా ఒక కాపీ తీసి పెట్టుకోండి, ఏ లైన్ ఎక్కడుండాలో దాన్ని చూసి సరిచేసుకోవచ్చు.