ఫ్లోరెన్స్‌ను కాళ్లతో చదవాలి

శ్రోతలకు నమస్కారం.

ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు ప్రపంచం నలుమూలల నుంచీ ఆర్కిటెక్చర్ విద్యార్థులు వస్తుంటారు. పాత ఊరు చిన్నది, గబగబా నడిస్తే ఒక్క పూటలో చుట్టేయొచ్చు. అలా చుట్టేయకూడదని నా అభిప్రాయం. ఈ ఊళ్లో కట్టడాల్ని కంటితో కంటే కాళ్లతో ఎక్కువ తెలుసుకుంటాం.

నన్నడిగితే నడక మొదలుపెట్టాల్సింది అనాథ శిశువుల కోసం కట్టిన ఓస్పెదాలె దెల్యి ఇన్నొచెంతి దగ్గర. ఫిలిప్పో బ్రునెలెస్కి 1419లో దీన్ని మొదలుపెట్టాడు. ముందు పొడవాటి వరండా, బూడిద రంగు రాతి స్తంభాలు, వాటి మీద తొమ్మిది కమానులు. ఒక స్తంభం నుంచి పక్క స్తంభం దాకా అడుగులు లెక్కపెట్టాలి. తర్వాత అదే స్తంభం నుంచి వెనక గోడ దాకా. రెండూ ఒకటే! స్తంభం ఎత్తు కూడా ఇంచుమించు అంతే. ఆ వరండాలో నిలబడితే మనసు ఎందుకంత కుదుటపడుతుందో అప్పుడు అర్థమవుతుంది. ఎంత మంచి ఫొటోలోనైనా ఈ లెక్క దొరకదు. కమానుల మధ్య నీలి రంగు గుండ్రటి పలకల మీద పొత్తిళ్లలో పసిపిల్లల బొమ్మలుంటాయి. ఆంద్రెయా దెల్లా రొబ్బియా చేసినవవి. ఈ భవనం ఎవరి కోసమో అవి మర్చిపోనివ్వవు.

అక్కడి నుంచి వియా దెయి సెర్వి వీధిలోకి తిరిగితే ఎదురుగా కెథెడ్రల్ గుమ్మటం కనిపిస్తుంది. అదీ బ్రునెలెస్కిదే. దాదాపు 45 మీటర్ల వెడల్పు. 1420లో మొదలుపెట్టి 1436కల్లా పూర్తిచేశారు, అదీ నేల మీద నుంచి సెంట్రింగ్ లేకుండా! ఒకదాని లోపల ఒకటిగా రెండు పొరలు లేపారు. అడ్డంగా పేర్చిన ఇటుకల మధ్య అక్కడక్కడా నిలువు ఇటుకలు పెట్టారు, సున్నం గట్టిపడేలోగా కొత్త వరస జారకుండా. పైకి 463 మెట్లు. చివరి భాగంలో ఆ మెట్లు రెండు పొరల మధ్య నుంచే వెళ్తాయి. ఎక్కేకొద్దీ గోడ మన మీదికి వాలుతుంది, ఒళ్లు పక్కకు వంచి నడవాలి. గుమ్మటం వంపు నడుముకు తెలిసేది అక్కడే.

దిగాక శాంతా క్రోచె చర్చి వైపు వెళ్తే, 1966 నవంబరు 4 నాటి వరద ఎంత ఎత్తుకొచ్చిందో చెప్పే పలకలు గోడల మీద మన తలకన్నా ఎంతో పైన ఉంటాయి.

మన చండీగఢ్‌కు రూపమిచ్చిన లె కార్బూజియే కూడా ఇరవై ఏళ్లు నిండకముందే, 1907లో ఇక్కడికి వచ్చాడు. ఊరికి దక్షిణాన ఉన్న ఏమా మఠం చూశాడు. ఒక్కో సన్యాసికి తోటతో ఒక్కో చిన్న ఇల్లు, చర్చి, భోజనశాల మాత్రం అందరివీ. ఆ అమరిక ఆయన్ను జీవితాంతం వదల్లేదు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో 1952లో పూర్తయిన ఆయన అపార్ట్‌మెంట్ భవనానికి ప్రేరణ అదే. మీ ఇంట్లో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఫ్లోరెన్స్ వెళ్తుంటే, ఆ మఠానికి ఒక పూట అట్టిపెట్టుకోమని చెప్పండి.