పల్లవి ఎప్పుడు ఎత్తుకుంటాడు?

నమస్కారమండీ. మొన్న ఆదివారం మధ్యాహ్నం, యూసుఫ్‌గూడలో మా ఇంట్లో, బయట సన్నగా వాన, మా అక్క కొడుకు టీవీకి గేమ్ తగిలించి మొదటి స్క్రీన్ దగ్గరే వదిలేసి అన్నానికి వెళ్లిపోయాడు, సౌండ్ మాత్రం వస్తూనే ఉంది. అమ్మ కింద కూర్చుని గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. కాసేపటికి నన్నడిగింది, "ఒరేయ్, ఆ వయొలిన్ ఆయన రాగం తీస్తూనే ఉన్నాడు, పల్లవి ఎప్పుడు ఎత్తుకుంటాడు?"

వయొలిన్ కాదమ్మా, చెల్లో, దానికి పెద్దన్న లాంటిది, మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయిస్తారు అన్నాను గానీ, అసలు ప్రశ్నకి వెంటనే జవాబు తట్టలేదు.

గేమ్ మ్యూజిక్ అంటే నాకూ చిన్నచూపేనండీ. దిల్‌సుఖ్‌నగర్ ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడిన రోజుల్లో తుపాకుల మోత తప్ప ఏం విన్నాం గనక. అంతకుముందువి అన్నీ టింగ్ టింగే. పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు, 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్ అనే నింటెండో గేమ్ మెషీన్‌లో సౌండ్‌కి ఉన్నవే ఐదు చానళ్లు, అంటే ఒకేసారి ఐదు రకాల చప్పుళ్లే, అందులో ఒకటి ఉత్త బరబర చప్పుడు, డ్రమ్స్‌కి ఎక్కువగా అదే దిక్కు. అంత ఇరుకులోనే 1985లో కోజీ కొండో మారియోకి ట్యూన్లు కట్టాడు. 2007లో అదే మారియోతో వచ్చిన గెలాక్సీ అనే గేమ్‌కి వచ్చేసరికి నిజం ఆర్కెస్ట్రానే కూర్చోబెట్టారు.

సరే, అమ్మ ప్రశ్న. సినిమాలో సీన్ ఎంతసేపో మ్యూజిక్ డైరెక్టర్‌కి ముందే తెలుసు. గేమ్‌లో ఆడేవాడు ఆ చెట్టు కింద నిమిషం నిలబడతాడో, అన్నం తిని అరగంటకి వస్తాడో ఎవరికి తెలుసు? అందుకే ట్యూన్ తోకని అతుకు తెలీకుండా తలకి కలిపేస్తారు, కొన్నిట్లో అయితే తీగ వాయిద్యాలు వేరు, ఫ్లూట్ వేరు, డ్రమ్స్ వేరు పొరలుగా రికార్డ్ చేసి పెట్టుకుని, మనం కదిలితే ఒకటి కలుపుతారు, ఆగితే ఒకటి తీసేస్తారు. మెల్లటి మ్యూజిక్‌కి ఇది మరీ కష్టం, గట్టి చరణం పెడితే నాలుగోసారికే విసుగు, ఏమీ పెట్టకపోతే లిఫ్ట్‌లో వచ్చే మ్యూజిక్ అయి కూర్చుంటుంది. అందరూ ఈ మెల్లటి మ్యూజిక్‌ని ప్రశాంతం అంటారు, నాకైతే ఓపిక అనిపిస్తుంది.

మా అక్క కొడుకు పెట్టింది జర్నీ, 2012 నాటి గేమ్, మ్యూజిక్ ఆస్టిన్ వింటరీ. అందులో చెల్లో అంటే ఆడేవాడేనట, మిగతా ఆర్కెస్ట్రా చుట్టూ ఉన్న లోకం. అమెరికాలో సంగీతానికిచ్చే గ్రామీ అవార్డుకి స్కోర్ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) విభాగంలో నామినేట్ అయిన మొదటి గేమ్ ఇదే. ప్రైజ్ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

మావాడు చేతులు కడుక్కుని, తడి ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి బటన్ నొక్కాడు. ఇసుకలో ఎర్ర గుడ్డ కప్పుకున్న బొమ్మ లేచి నాలుగడుగులు వేసింది, చెల్లో పక్కకి ఇంకేవో వాయిద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. అమ్మ గోరుచిక్కుడు చేతిలో అలాగే పట్టుకుని, "అదిగో, ఎత్తుకున్నాడు" అంది.